అటకెక్కిన స్పెక్ట్రమ్ క్యాసెట్‌లోని ఆటను నేటి కంప్యూటర్‌లో ఆడడం ఎలా?

బ్రిటన్‌కు చెందిన సింక్లెయిర్ సంస్థ 1982లో విడుదల చేసిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ కంప్యూటర్‌కు ఆటలు చాలావరకు మామూలు పాటల క్యాసెట్ల మీదే, కీచుమనే శబ్దాలుగా వచ్చేవి. విశాఖలో మీ అటక మీద అలాంటి క్యాసెట్ ఒకటి మిగిలి ఉంటే, యంత్రం ఏనాడో పాడైపోయినా ఆటను బతికించుకోవచ్చు.

మొదట బూజు సంగతి చూడాలి. సముద్రపు తేమకు మన ఊళ్లో టేపు అంచులకు తెల్లని బూజు పడుతుంది. దాన్ని అలాగే ప్లే చేస్తే ఆ బూజు టేపును చదివే రికార్డర్ హెడ్‌కు అంటుకుని, తర్వాత పెట్టే క్యాసెట్లకూ పాకుతుంది. కనుక ముక్కుకు మాస్కు కట్టుకుని, పెన్సిలుతో చక్రం తిప్పుతూ, బయటికి కనిపించే టేపును పొడి మెత్తటి గుడ్డతో తుడవండి. రికార్డర్ హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో శుభ్రం చేయండి.

తర్వాత రికార్డర్ హెడ్‌ఫోన్ రంధ్రాన్ని బయటి శబ్దాన్ని తీసుకునే కంప్యూటర్ రంధ్రానికి (లైన్-ఇన్) ఆడియో కేబుల్‌తో కలపండి. కేబుల్ డాబాగార్డెన్స్ ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో అడగవచ్చు. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో మోనో, 44,100 హెర్ట్జ్ ఎంచుకుని రికార్డు చేసి, వేవ్ ఫైలుగా భద్రపరచండి. ఎంపీ3 వద్దు, అది అలల అంచులను చెడగొడుతుంది. శబ్దం మందంగా వినిపిస్తే, హెడ్ పక్కనున్న చిన్న స్క్రూను కీచుదనం పదునెక్కే వరకు కొద్దికొద్దిగా తిప్పండి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, రికార్డు చేసిన అలను పెద్దది చేసి చూడండి. మొదట దాదాపు 807 హెర్ట్జ్ దగ్గర ఒకే తీరున సాగే కూత ఉంటుంది, ఆ తర్వాత పొట్టి అలలూ పొడుగు అలలూ కలగలిసి వస్తాయి. పొట్టి అల సున్నా. దానికి సరిగ్గా రెట్టింపు నిడివి ఉన్నది ఒకటి. వీటిని విడదీయడానికి స్పెక్ట్రమ్‌లో ప్రత్యేకమైన చిప్పేమీ లేదు. 3.5 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే జెడ్80 ప్రాసెసరే ఒక అంచు నుంచి మరో అంచు వరకు అంకెలు లెక్కబెట్టుకుంటూ అది ఏ బిట్టో తేల్చేది. తెర అంచున పరుగెత్తే రంగు చారలు కూడా ఆ లెక్కింపు ఆనవాళ్లే.

వేవ్ ఫైలును ఆడియో2టేప్ అనే ఉచిత పనిముట్టుతో టేప్ ఫైలుగా మార్చి, నేటి కంప్యూటర్‌ను స్పెక్ట్రమ్‌లా నడిపించే ఫ్యూజ్ అనే ఎమ్యులేటర్‌లో తెరవండి. టేపును వేగంగా ఎక్కించే సదుపాయాన్ని ముందుగా ఆపేయండి, లేకపోతే అసలు వేడుకంతా రెప్పపాటులో ముగిసిపోతుంది. చాలా ఆటల్లో ముందుగా బొమ్మ మూడు పట్టీలుగా, నలుపు తెలుపుల్లో నిండుతుంది. రంగులు ఆఖరున ఒక్కసారిగా అద్దుకుంటాయి. కారణం పొదుపు. తెర మీద 256×192, అంటే 49,152 చుక్కలున్నాయి. చుక్కకొక బైటు చొప్పున ఇస్తే 48కె (48×1,024 బైట్ల) మెమరీ మొత్తం, ఒక్క బైటు కూడా మిగలకుండా, బొమ్మకే సరిపోయేది. అందుకని చుక్కలకు 6,144 బైట్లు, 8×8 చుక్కల గళ్ల రంగులకు 768 బైట్లు కేటాయించి, గడికి రెండే రంగులన్న షరతు పెట్టారు. ఆటలో కథానాయకుడు చెట్టు పక్కగా వెళ్తే చెట్టు రంగు మారిపోవడానికి కారణం ఇదే. దాన్ని లోపమనేవారున్నారు కానీ, 6,912 బైట్లలో ఒక రంగుల తెరను ఇమడ్చడం నా దృష్టిలో గొప్ప పనితనం.

చివర్లో ‘ఆర్ టేప్ లోడింగ్ ఎర్రర్’ అని వస్తే కంగారు పడకండి. ప్రతి భాగం చివర సరిచూసుకునే బైటు ఒకటి ఉంటుంది, అది లెక్కకు రాలేదని అర్థం. స్క్రూను మళ్లీ సవరించి, వాల్యూమ్ మార్చి ఇంకోసారి రికార్డు చేయండి. చాలా క్యాసెట్లలో రెండో వైపు కూడా అదే ఆట ఉంటుంది కాబట్టి ఆ వైపూ ప్రయత్నించండి. పని పూర్తయ్యాక క్యాసెట్‌ను సిలికా జెల్ పొట్లంతో కలిపి గాలి చొరని డబ్బాలో, స్పీకర్లకు దూరంగా ఉంచండి.