పాత డీజిల్ పికప్‌లో మిస్సింగ్ పోవట్లేదా? ముందు ఏ సిలిండరో పట్టుకోండి

ఐడిల్‌లో బండి ఊగుతూ, సైలెన్సర్ శబ్దంలో మధ్యమధ్యలో ఒక దెబ్బ తగ్గిపోతుంటే అదే మిస్సింగ్, అంటే ఏదో సిలిండర్‌లో డీజిల్ సరిగా మండట్లేదన్నమాట. ఇక్కడ రాస్తున్నది పాత పంపు ఇంజిన్లు, అంటే కంప్యూటర్ లేని నాలుగు సిలిండర్ల బండ్ల గురించి మాత్రమే. సీఆర్‌డీఐ బండి (కంప్యూటర్‌తో, చాలా ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ కొట్టే కొత్తరకం ఇంజిన్) అయితే కింద చెప్పిన పైపు లూజు చేసే పని అస్సలు చేయకండి. ఆ ప్రెషర్‌కి డీజిల్ సూదిలా చర్మంలోకి దిగుతుంది. స్కానర్ ఉన్న షాపుకి తీసుకెళ్ళడమే మేలు.

మిస్సింగ్ ఒకసారి ఉండి ఒకసారి పోతోందా?

దాంతోపాటు రాత్రంతా నిలబెట్టిన బండి పొద్దున ఎంతసేపు సెల్ఫ్ కొట్టినా అందుకోక, డీజిల్ లాగే హ్యాండ్ పంపు నాలుగుసార్లు నొక్కగానే అందుకుంటే డీజిల్ లైన్లో ఎక్కడో గాలి లాగుతోందని అర్థం. ఫిల్టర్ గాస్కెట్, బాంజో బోల్టు (డీజిల్ పైపుని బిగించే బోలు బోల్టు) వాషర్లు, పగిలిన రబ్బరు పైపు, ఎక్కువగా వీటిలోనే ఏదో ఒకటి. గాలి లోపలికి పోతుంది కానీ డీజిల్ బయటికి కారదు కాబట్టి కంటికి దొరకదు. ఫిల్టర్‌కీ పంపుకీ మధ్య ఒక జానెడు ట్రాన్స్‌పరెంట్ పైపు వేసి స్టార్ట్ చేయండి, బుడగలు వరసగా పోతూ కనిపిస్తాయి. అక్కణ్ణుంచి ట్యాంకు వైపు ఒక్కో జాయింటూ చూసుకుంటూ వెళ్ళి, లీకు కట్టేశాక లైన్లో మిగిలిన ఎయిర్ తీసేయడమే.

ఎప్పుడూ ఒకే లయలో కొడుతోందా?

అయితే ఒక సిలిండర్ పనిచేయట్లేదు. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఒక్కో నాజిల్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే భాగం) మీద పైపు నట్టుని స్పానర్‌తో అర చుట్టు మాత్రమే వదులు చేసి, మళ్ళీ బిగించి, తర్వాతదానికి వెళ్ళండి. పైన గుడ్డ కప్పాలి, కళ్ళకి అద్దాలు పెట్టుకోవాలి, చెయ్యి దూరంగా ఉండాలి. మంచి సిలిండర్‌ది వదిలితే ఇంజిన్ ఇంకా కుంటుతుంది. ఏది వదిలితే తేడా రాదో దొంగ అదే.

ఇక్కడే చాలామంది తొందరపడి నాలుగు నాజిళ్ళూ కొత్తవి వేసేస్తారు, లేదంటే పంపు దించేస్తారు. ఆగండి. ఆ నాజిల్‌ని పక్క సిలిండర్‌లోకి మార్చి మళ్ళీ ఇదే టెస్ట్ చేయండి. మిస్సింగ్ కూడా దాంతో వెళ్తే నాజిల్‌దే తప్పు, పంపు షాపులో టెస్ట్ చేయించండి. వెళ్ళకుండా అక్కడే ఉంటే పంపులో ఆ లైను డెలివరీ వాల్వ్ (డీజిల్‌ని నాజిల్ వైపు వదిలేది) గానీ, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) గానీ చూడాలి.

మా బండికి నాజిళ్ళ పని చేయించిన మర్నాడే మూడో సిలిండర్ మిస్సింగ్ మొదలైంది. పొద్దున తెల్ల పొగ, ఎత్తు ఎక్కితే గుంజదు. షాపతను పంపు విప్పాలన్నాడు. నాజిల్ మార్చినా మిస్సింగ్ అక్కడే ఉంది, కంప్రెషనేమో బాగానే ఉంది. టార్చి వేసి నాజిల్ తీసిన రంధ్రంలోకి చూస్తే అడుగున నల్లగా మసి పట్టి పాత రాగి వాషర్ అతుక్కుని ఉంది. దాని మీదే కొత్తది వేసి బిగించారు! నాజిల్ కొన ఒక వాషర్ మందం పైకి కూర్చోవడంతో డీజిల్ పడాల్సిన చోట పడట్లేదు. వంచిన తీగతో లాగి, అడుగు శుభ్రంగా తుడిచి, ఒకే కొత్త వాషర్ వేశాక ఇంజిన్ నిమ్మళించింది. నాజిల్ తీసిన ప్రతిసారీ వాషర్లు లెక్కపెట్టడం అప్పుడు అలవాటైంది.

నాజిల్ బాగుంది, డీజిల్ వస్తోంది, అయినా కొడుతోందా?

ముందు ట్యాపెట్లు (వాల్వులని నొక్కే భాగాలు) చూడండి, వాటి గ్యాప్ మరీ తగ్గితే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, దానికి పెద్ద ఖర్చేమీ కాదు. తర్వాత కంప్రెషన్ గేజి. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు తక్కువ చూపిస్తే వాటి మధ్య హెడ్ గాస్కెట్ (ఇంజిన్ హెడ్ కింద ఉండే సీలు) పోయి ఉండొచ్చు, రేడియేటర్‌లో కూడా బుడగలు వస్తుంటే అనుమానం ఇంకా గట్టిపడుతుంది. ఒక్కటే తక్కువై, ఆయిల్ మూత తీస్తే గుప్పుగుప్పున పొగ కొడుతుంటే అది బ్యాక్ కంప్రెషన్ (సిలిండర్‌లోని గ్యాస్ పిస్టన్ పక్కనుంచి కిందికి దిగిపోవడం), రింగులో, పిస్టనో పోయినట్టే. ఇంజిన్ దించాల్సిందే.