డ్రిప్‌లో నీళ్ళు సరిగా రావట్లేదా? డ్రిప్పర్ మార్చే ముందు ఇవి చూడండి

కొన్ని చెట్లు వాడగానే చాలామంది చెట్టు దగ్గర నీళ్ళు చుక్కలుగా వదిలే డ్రిప్పర్‌ను పిన్నీసుతో పొడుస్తారు. లోపలి సన్నదారి వెడల్పై ఆ చెట్టుకే నీళ్ళు ఎక్కువ పోతాయి, మిగతావి ఇంకా ఎండుతాయి. ముందు నీళ్ళు ఎక్కడ తగ్గాయో చూడాలి: పొలమంతానా, లైను చివరా, అక్కడో చెట్టు ఇక్కడో చెట్టా?

కొలగ్లాసులో 36 సెకన్లు నీళ్ళు పట్టండి. వచ్చిన మిల్లీలీటర్లను 10తో భాగిస్తే గంటకు ఎన్ని లీటర్లో వస్తుంది. గంటకు 4 లీటర్ల డ్రిప్పర్‌కు 40 మి.లీ. పడాలి. లైను మొదట్లో, మధ్యలో, చివర్లో పట్టి చూడండి.

పొలమంతా తగ్గితే

స్క్రీన్ ఫిల్టర్‌కు ముందూ వెనకా ఉన్న ప్రెషర్ గేజీల తేడా అరకేజీ (చదరపు సెంటీమీటరుకు) దాటిందంటే జాలీ మూసుకుంది. తీసి మెత్తని బ్రష్‌తో కడగండి. జాలీ చిరిగి ఉంటే కడిగి లాభం లేదు, మార్చాల్సిందే. శాండ్ ఫిల్టర్ ఉంటే బ్యాక్‌వాష్ చేసి (నీళ్ళు వెనక్కి తిప్పి కడిగి), మురికి పోయి తేట నీళ్ళు వచ్చేదాకా ఆగండి.

ఫిల్టర్ బాగానే ఉన్నా ప్రెషర్ లేదంటే బోరే తగ్గి ఉండొచ్చు. 200 లీటర్ల డ్రమ్ము 2 నిమిషాల్లో నిండితే గంటకు 6,000 లీటర్లు. 4 లీటర్ల డ్రిప్పర్లు 2,000 ఒకేసారి నడవాలంటే 8,000 కావాలి. అప్పుడు పొలాన్ని వాల్వుల వారీగా విడగొట్టి సగం సగం పారించడమే దారి.

లైను చివర మాత్రమే తగ్గితే

సాధారణంగా మడ్డి. మోటారు నడుస్తుండగా ముందు సబ్‌మెయిన్ (లైన్లకు నీళ్ళిచ్చే పైపు) ఫ్లష్ వాల్వ్, తర్వాత లేటరల్ (డ్రిప్పర్లున్న సన్న లైను) ఎండ్ క్యాప్‌లు నాలుగైదు చొప్పున తెరవండి. అన్నీ ఒకేసారి తెరిస్తే వేగం చాలక మడ్డి కదలదు. బోరు ఇసుక పోస్తుంటే నీళ్ళను సుడి తిప్పి ఇసుకను విడదీసే హైడ్రోసైక్లోన్ ఫిల్టర్ లేకుండా ఈ బాధ తీరదు.

అక్కడక్కడా మూసుకుంటే

డ్రిప్పర్ విప్పి చూడండి. జిగటగా ఉంటే పాచి, ఎర్రగా ఉంటే ఇనుము, తెల్లగా గట్టిపడితే సున్నం. బోరు నీళ్ళ కింద ఎక్కువగా కనిపించేది ఈ తెల్లపొరే.

దీనికి యాసిడ్ ట్రీట్‌మెంట్. ప్లాస్టిక్ బకెట్లో 10 లీటర్ల బోరు నీళ్ళు తీసుకుని, హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ను ఒక్కో మి.లీ. కలుపుతూ పీహెచ్ కాగితం 4 చూపేదాకా లెక్కపెట్టండి. 5 మి.లీ. పట్టిందనుకోండి, గంటకు 6,000 లీటర్ల ధారకు గంటకు 3 లీటర్ల యాసిడ్ వేగంతో వెంచురి (ఎరువు, మందు పైపులోకి పీల్చే పరికరం) నుంచి ఎక్కించాలి. చివరి డ్రిప్పర్ దగ్గరా 4 కనిపించాక మోటారు ఆపి 24 గంటలు వదిలేయండి. ఆ తర్వాత ఎండ్ క్యాప్‌లు తెరిచి కడిగేయాలి. యాసిడ్‌నే నీళ్ళలో పోయాలి, నీళ్ళను యాసిడ్‌లో పోయకూడదు. గ్లవుజులు, కళ్ళద్దాలు తప్పనిసరి.

పాచికి బ్లీచింగ్ పౌడర్ తేట వాడతారు. దాన్ని యాసిడ్‌తో కలిపితే విషవాయువు పుడుతుంది. రెండూ వేరు వేరు రోజుల్లో, మధ్యలో పైపులు కడిగి వాడండి.

ఎరువు పారించాకే మూసుకుంటుంటే తప్పు ట్యాంకులో ఉంది. డీఏపీ పూర్తిగా కరగదు. కాల్షియం నైట్రేట్‌ను ఫాస్ఫేట్ ఎరువుతో కలిపితే తెల్లటి మడ్డి దిగుతుంది. అనుమానముంటే సీసాలో కలిపి అరగంట ఆగి చూడండి. ఎరువు అయ్యాక 15 నిమిషాలు ఉత్త నీళ్ళు పారించాలి.

ఒక్క లైనే తగ్గి పక్కన బురద కనిపిస్తే ఎలుకో ఉడతో కొరికింది. అంతవరకు కోసి జాయినర్ వేస్తే సరిపోతుంది.