దోస్త్‌లో డిగ్రీ సీటు: ముందు ఆధార్‌లో ఏ ఫోన్ నంబర్ ఉందో చూసుకోండి

ఇంటర్ ఫలితాలు రాగానే కొన్ని ప్రైవేటు డిగ్రీ కాలేజీల మనుషులు ఊళ్ల వెంట తిరుగుతారు. "నీకెందుకమ్మా తిప్పలు, ఆధార్, మెమో ఇయ్యి, ఫీజు కూడా మేమే కడతం" అంటారు. ఫీజు కడతారు, నిజమే. కానీ ఏ కాలేజీ, ఏ కోర్సు కావాలో ఆన్‌లైన్‌లో వరసగా చెప్పే వెబ్ ఆప్షన్లలో వాళ్ల కాలేజీ ఒక్కటే పెడతారు, మీ దరఖాస్తు తెరిచే పిన్ తమ దగ్గరే ఉంచుకుంటారు. ప్రభుత్వ కాలేజీలో సీటు వచ్చేన్ని మార్కులున్న పిల్లలు కూడా ఇలా ఇరుక్కుపోతున్నారు. దరఖాస్తు ఎవరి సాయమూ లేకుండా చేసుకోదగ్గదే కాబట్టి ఇది రాస్తున్నాను.

తెలంగాణలో 2016 నుంచి డిగ్రీ ప్రవేశాలు దోస్త్ అనే ఆన్‌లైన్ విధానం ద్వారా జరుగుతున్నాయి. ఉస్మానియా, కాకతీయ, తెలంగాణ, మహాత్మాగాంధీ, శాతవాహన, పాలమూరు విశ్వవిద్యాలయాల కిందున్న కాలేజీలు, కోఠి మహిళా విశ్వవిద్యాలయం ఇందులోకే వస్తాయి. గురుకుల డిగ్రీ కాలేజీలకు, సొంతంగా ప్రవేశాలు జరుపుకునే కొన్ని కాలేజీలకు మాత్రం విడిగా దరఖాస్తు చేసుకోవాలి. దోస్త్‌కు ప్రవేశ పరీక్ష లేదు, ఇంటర్ మార్కులే ఆధారం. వెబ్‌సైట్‌లో ఇంటర్ హాల్‌టికెట్ నంబర్ కొట్టి రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. మొదటి విడతలో ఫీజు 200 రూపాయలు, తర్వాతి విడతల్లో 400. ఫీజు కట్టాక దరఖాస్తు నింపి, వెబ్ ఆప్షన్లు పెట్టడమే. ఇంతవరకు పెద్ద కష్టం లేదు.

చాలామంది ఆగిపోయేది ఆధార్ ఓటీపీ దగ్గర. ఆ ఓటీపీ విద్యార్థి ఆధార్‌కు లింకయిన నంబర్‌కే వస్తుంది. పిల్లల ఆధార్ చిన్నప్పుడు తీసింది, అప్పుడిచ్చింది నాన్న పాత నంబర్, ఆ సిమ్ ఎప్పుడో ఆగిపోయింది. దాదాపు ప్రతి ఇంట్లోనూ ఇదే కథ. పిల్ల కంప్యూటర్ ముందు కూర్చుని ఓటీపీ కోసం చూస్తుంటే, "ఆ నంబర్ ఇప్పుడు లేదు సార్" అని తండ్రి నెమ్మదిగా చెబుతాడు. అందుకే ఫలితాల దాకా ఆగకండి. ఆధార్ వెబ్‌సైట్‌లో మీ ఆధార్‌కు ఏ మొబైల్ ఉందో సరిచూసుకునే వీలుంది. లేకపోతే విద్యార్థిని వెంటబెట్టుకుని ఆధార్ కేంద్రానికో, ఆధార్ సేవలున్న పోస్టాఫీసుకో వెళ్లండి. నంబర్ మార్చడానికి వేరే కాగితాలేవీ అడగరు, వేలిముద్ర చాలు. కొంచెం రుసుము ఉంటుంది, రసీదు తీసుకోండి. అంత వ్యవధి లేకపోయినా కంగారు పడొద్దు. మీసేవ కేంద్రంలో వేలిముద్రతో కూడా దోస్త్ రిజిస్ట్రేషన్ చేస్తారు.

దరఖాస్తులో ఇచ్చే నంబర్ కూడా మీ ఇంట్లోదే అయి ఉండాలి. నెట్ సెంటర్ వాళ్లది, కాలేజీ వాళ్లది అసలు వద్దు. దోస్త్ ఐడీ, పిన్, సీటు కేటాయింపు సమాచారం అన్నీ దానికే వస్తాయి. ఇప్పటికే వేరేవాళ్ల నంబర్ పడిపోయి ఉంటే ఆధార్, మెమో పట్టుకుని విద్యార్థే దోస్త్ హెల్ప్‌లైన్ కేంద్రానికి వెళ్లి చెప్పాలి. అక్కడ ఇలాంటివి రోజూ చూస్తుంటారు, భయపడాల్సిందేమీ లేదు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ కావాలనుకునేవాళ్లకు ఇంకో చిక్కు ఆదాయ ధ్రువపత్రం. అది ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చింది కావాలి. అన్నకో అక్కకో తీసిన పాతది పనికిరాదు. ఫలితాల తర్వాత మీసేవలో రద్దీ ఎక్కువ కాబట్టి ముందే దరఖాస్తు పెట్టండి.

వెబ్ ఆప్షన్లలో వరసే ముఖ్యం. పై నుంచి చూసుకుంటూ వచ్చి, మీ మార్కులకు దొరికే మొదటి సీటు ఇస్తారు. "రాదేమో" అని ఇష్టమైన కాలేజీని కిందకు నెట్టకండి, పైన పెడితే పోయేదేమీ లేదు. ఒక్క కాలేజీతో సరిపెట్టకుండా వెళ్లగలిగినవన్నీ పెట్టండి. బీఏ, బీకాంకు ఏ ఇంటర్ గ్రూపు వాళ్లయినా రావచ్చు. బీఎస్సీకి మాత్రం మీ గ్రూపు సబ్జెక్టులు సరిపోవాలి. ఒకే కాలేజీలో రెగ్యులర్ కోర్సు, విద్యార్థుల ఫీజుల మీదే నడిచే సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సు పక్కపక్కనే కనిపిస్తాయి. రెండింటి ఫీజులకూ చాలా తేడా ఉంటుంది, ఆప్షన్ పెట్టేముందే చూడండి.

సీటు వచ్చిందని మెసేజ్ వస్తే పని అయిపోయిందని ఊరుకోకండి. గడువులోపు ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలి, అంటే ఆ సీటు తీసుకుంటున్నట్టు తెలపాలి, లేకపోతే ఆ సీటు పోతుంది. ఇంకా మంచి సీటు కావాలన్నా సరే, ముందు సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి తర్వాతి విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టండి. పై ఆప్షన్ వస్తే పాత సీటు దానంతటదే రద్దవుతుంది, రాకపోతే పాతది చేతిలోనే ఉంటుంది.

సెల్ఫ్ రిపోర్టింగ్ అయ్యాక ఫోన్‌కు కాలేజ్ కన్ఫర్మేషన్ కోడ్ వస్తుంది. దాన్ని జాగ్రత్తగా దాచుకోండి. కాలేజీకి వెళ్లి రిపోర్ట్ చేసిన రోజు అక్కడ ఆ కోడ్ చెబితేనే సీటు ఖాయం. అంతకుముందు ఫోన్ చేసి ఎవరు అడిగినా, ఎంత మర్యాదగా అడిగినా, చెప్పకండి. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు సరిచూసి తిరిగి ఇచ్చేయాలి, తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లోనే కాలేజీలకు చెప్పింది. టీసీ మాత్రం కాలేజీలో ఇవ్వాల్సి ఉంటుంది. ఇచ్చేముందు జిరాక్సులు తీసుకుని, ఇచ్చినట్టు రసీదు రాయించుకోండి.