డీపీఎఫ్ దీపం వెలిగినప్పుడు నేను చేసినది

మా బీఎస్-6 డీజిల్ కారు కొన్న ఏడో నెలలో, ఆఫీసుకు వెళ్లే నాలుగు కిలోమీటర్ల దారిలో, డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు డీపీఎఫ్ (డీజిల్ పొగను వడగట్టే ఫిల్టరు) దీపం వెలిగింది. సర్వీస్ సెంటరువారు బండిని వదిలి వెళ్లమన్నారు గానీ కారణం చెప్పలేదు. అది కారుతో వచ్చిన మాన్యువల్‌లో దొరికింది. మనం ఎన్నడూ తెరవని పుస్తకం అదే కదా!

ఈ ఫిల్టరు పొగలోని మసిని పట్టి ఉంచి, లోపలి వేడి సుమారు 600 డిగ్రీలకు చేరినప్పుడు దానిని కాల్చివేస్తుంది. ఇంజన్ సరిగా వేడెక్కకముందే ముగిసే నా ప్రయాణాల్లో ఆ అవకాశమే లేదు. అందువల్ల ట్యాంకులో సగానికి పైగా డీజిల్ ఉన్నదని చూసుకొని, ఆదివారం ఉదయం గచ్చిబౌలి వద్ద ఔటర్ రింగ్ రోడ్డెక్కి, శంషాబాద్ దాటేవరకు ఎక్కడా ఆగకుండా, గేరు ఒకటి తగ్గించి ఇంజన్ 2,000 ఆర్‌పీఎమ్‌కు పైనే తిరిగేలా, సుమారు 80 కిలోమీటర్ల వేగంతో నడిపాను. ఇరవై నిమిషాలకు దీపం ఆరిపోయింది.

ఇంటికి వచ్చి, ఇంజన్ చల్లారాక డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ మట్టం గరిష్ఠ గీతను దాటి ఉంది. మసిని కాల్చేందుకు అదనంగా చిమ్మిన డీజిల్, ఆ పని సగంలో ఆగిన ప్రతిసారీ, కొంత ఆయిల్‌లో కలిసిందన్నమాట. గడువు రాకపోయినా ఆయిల్ మార్పించి, బూడిద తక్కువగా మిగిల్చే గ్రేడునే పోయించాను. మసి కాలిపోతుంది గానీ బూడిద ఫిల్టరులోనే ఉండిపోతుంది. ఫిల్టరునే పీకేయమన్న ఒక మెకానిక్ సలహాను మాత్రం వినలేదు.

దీపం ఎర్రబడినా, ఇంజన్ శక్తి తగ్గినా ఈ పద్ధతి పనికిరాదు. అప్పుడు సర్వీస్ సెంటరులో స్కానర్ తగిలించి మసిని కాల్పించవలసిందే.