పరిగెత్తే పేపర్ మీద కోటింగ్ సమంగా పడాలంటే బ్లేడ్ జోలికి చివర్లో వెళ్ళండి

కోటింగ్ సమంగా పడట్లేదు అనగానే చాలామందికి చెయ్యి నేరుగా బ్లేడ్ (పేపర్ మీద ఎక్కువైన కోటింగ్‌ని గీకేసే పల్చటి పట్టీ) ప్రెషర్ మీదకే పోతుంది. ఒక చోట తగ్గిస్తారు, ఇంకో చోట పెంచుతారు, అరగంట తిరిగేసరికి ప్రొఫైల్ (పేపర్ వెడల్పులో ఎక్కడ ఎంత కోటింగ్ పడిందన్న లెక్క) మొదటికంటే అధ్వాన్నంగా తయారవుతుంది. నేను గట్టిగా చెప్పేది ఒకటే, బ్లేడ్ దగ్గర కనపడే తేడాల్లో చాలావరకు అక్కడ పుట్టినవి కావు, బేస్ పేపర్‌లోనో (కోటింగ్ పడకముందున్న పేపర్) కోటింగ్ కలర్‌లోనో (పిగ్మెంట్ పొడి, దాన్ని అతికించే బైండర్, నీళ్ళు కలిసిన పూత) ముందే పుట్టి బ్లేడ్ దగ్గరికొచ్చాక బయటపడతాయి. అందుకే ముందు పేపర్ చూడండి, తర్వాత కలర్, ఆ తర్వాతే బ్లేడ్.

అసలు ఎంత పల్చటి పొర గురించి మాట్లాడుతున్నామో ఒకసారి లెక్క చూద్దాం. చదరపు మీటరుకి 10 గ్రాముల డ్రై కోటింగ్ కావాలి, కలర్ సాలిడ్స్ (నీళ్ళు పోగా మిగిలే పదార్థం) 65 శాతం ఉంది అనుకుంటే తడిగా పడాల్సింది 15.4 గ్రాములు, మందం 9 నుంచి 10 మైక్రాన్లు, అంతే. మెషీన్ నిమిషానికి 1200 మీటర్లు నడుస్తోందంటే సెకనుకి 20 మీటర్లు, బ్లేడ్ కొన కింద ఒక్క మిల్లీమీటరు దాటడానికి పేపర్‌కి పట్టే టైమ్ సెకనులో 20,000వ వంతు. ఇంత పల్చటి పొరలోకి 50 మైక్రాన్ల గింజ ఒకటి వచ్చి బ్లేడ్ కింద ఇరుక్కుందంటే అది కదిలేదాకా గీత పడుతూనే ఉంటుంది.

బేస్ పేపర్‌లో ముందు చూడాల్సింది మాయిశ్చర్ ప్రొఫైల్. సగటు ఎంత అన్నది కాదు, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఎలా ఉందన్నది ముఖ్యం, ఎందుకంటే తడి పట్టీ ఉన్నచోట పేపర్ నీళ్ళు పీల్చుకునే తీరే వేరు, కోటింగ్ కూడా అక్కడ వేరేగా పడుతుంది. గరుకుగా ఉన్న చోట కూడా అంతే, బ్లేడ్ పైన సాపు చేస్తుంది కానీ పల్లాల్లో కలర్ నిండిపోతుంది కాబట్టి అక్కడ గ్రాములు పెరుగుతాయి. ఇంకో సంగతి, చాలా మెషీన్లలో స్కానర్ కోట్ వెయిట్‌ని (చదరపు మీటరుకి పడ్డ కోటింగ్ బరువు) నేరుగా కొలవదు, కోటింగ్ తర్వాతి బరువులోంచి ముందున్న బరువు తీసేసి చూపిస్తుంది, కాబట్టి బేస్ కొలతలో తేడా వస్తే అది కోట్ వెయిట్ తేడాలా కనపడుతుంది. అనుమానం వచ్చినప్పుడు రీల్ వెడల్పంతా వరసగా ముక్కలు కోసి ల్యాబ్‌లో 525 డిగ్రీల దగ్గర యాష్ (కాల్చాక మిగిలే బూడిద) తీయించండి, బేస్ పేపర్ యాష్ తీసేసి చూస్తే అసలు ప్రొఫైల్ తెలుస్తుంది. 900 దగ్గర కాలిస్తే కాల్షియం కార్బొనేట్ విడిపోయి లెక్క తప్పుతుంది, అది గుర్తుంచుకోండి.

ఇక కలర్. అసలు కథంతా ఇక్కడే ఉంది, నా ఉద్దేశంలో ఎక్కువ టైమ్ పెట్టాల్సింది కూడా ఇక్కడే. తయారు చేసిన ట్యాంకులో సాలిడ్స్, విస్కాసిటీ (చిక్కదనం), పీహెచ్ అన్నీ కరెక్ట్‌గా ఉన్నాయని రిపోర్ట్ వస్తుంది, కానీ కోటర్‌కి వెళ్ళేది వర్కింగ్ ట్యాంకులోని కలర్ కదా. బ్లేడ్ గీకేసిన కలర్ తిరిగి ఆ ట్యాంకులోకే వస్తుంది, పేపర్ మీద పడ్డది పడ్డట్టే అందులోని నీళ్ళని పేపర్ లాగేసుకుంటుంది కాబట్టి తిరిగొచ్చేది కొంచెం చిక్కబడి వస్తుంది. కలర్‌కి నీళ్ళని పట్టి ఉంచే గుణం తక్కువైతే గంటలు గడిచేకొద్దీ సాలిడ్స్ పాకుతూ పెరుగుతాయి, బ్లేడ్ మీద లోడ్ పెరుగుతుంది, ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే ప్రొఫైల్ చెడిపోతుంది. అందుకే రెండు ట్యాంకుల్లోంచీ ఒకే టైమ్‌లో శాంపిల్ తీసి సాలిడ్స్ పోల్చండి, తేడా పెరుగుతూ పోతుంటే నీళ్ళని పట్టి ఉంచే స్టార్చో సీఎంసీయో (కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్) సరిపడా ఉందా చూడండి. బ్రూక్‌ఫీల్డ్ (విస్కాసిటీ కొలిచే పరికరం) రీడింగ్ ఒక్కటే నమ్ముకోవద్దు, అది నెమ్మదిగా తిప్పి కొలుస్తుంది, బ్లేడ్ కింద కలర్ నలిగే వేగం దానికి ఎన్నో వేల రెట్లు ఎక్కువ, బ్రూక్‌ఫీల్డ్‌లో ఒకేలా ఉన్న రెండు కలర్లలో ఒకటి హాయిగా జారిపోతే ఇంకొకటి బిగుసుకుపోయి బ్లేడ్ వెనక బొట్లు బొట్లుగా కారొచ్చు.

శుభ్రత చూడ్డానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. వర్కింగ్ ట్యాంకులోంచి ఒక లీటరు కలర్ తీసుకుని నీళ్ళు కలిపి 45 మైక్రాన్ల జల్లెడలో పోసి కడగండి, మిగిలినదాన్ని నల్లటి కాగితం మీద పెట్టి భూతద్దంతో చూడండి. పల్చటి రేకులు కనిపిస్తే ట్యాంకు గోడల మీదో పైపు మూలల్లోనో ఎండిన పొర ఊడి వస్తోందని, పీచు కనిపిస్తే పేపర్ నుంచి వస్తోందని, గట్టి ఇసుకలాంటి గింజలైతే పిగ్మెంట్ స్లర్రీలోనే (నీళ్ళలో కలిపిన పిగ్మెంట్) ఉందని అర్థం. మూడింటికీ మందు వేరు, ఫిల్టర్ మార్చినంత మాత్రాన మూడూ పోవు. గాలి బుడగల సంగతి కూడా ఇక్కడే చూసుకోండి, రిటర్న్ పైపు ట్యాంకులో పైనుంచి ధారగా పడకుండా కలర్ మట్టం కిందకి దించండి, సగం నురగ అక్కడే తగ్గుతుంది. నురగ తగ్గాలని డీఫోమర్ గుమ్మరిస్తే మాత్రం కోటింగ్ మీద చిన్న చిన్న గుంటలు వస్తాయి.

ఇవన్నీ అయ్యాకే బ్లేడ్. నిలువుగా, అంటే పేపర్ పరిగెత్తే దిశలో గీత పడుతుంటే బ్లేడ్ కింద ఏదో ఇరుక్కుంది లేదా కొన విరిగింది. అడ్డంగా ఒకే దూరంలో పట్టీలు వస్తుంటే అది వణుకు, పట్టీల మధ్య దూరం కొలిచి స్పీడ్‌ని దానితో భాగించండి, సెకనుకి 20 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లకో పట్టీ అంటే సెకనుకి 200 సార్లు ఏదో వణుకుతోంది, ఇక ఆ లెక్కకి సరిపోయే బేరింగో పంపో వెతుక్కోవాలి. తీసేసిన బ్లేడ్‌ని పారెయ్యకుండా కొనని భూతద్దంలో చూడండి, అరుగుదల బెవెల్ (కొన దగ్గర ఏటవాలుగా ఉండే ముఖం) మొత్తం మీద ఒకేలా మెరవాలి, ఒక అంచే మెరుస్తోందంటే బెవెల్ కోణం, బ్లేడ్‌ని పేపర్‌కి ఆనించి నడిపే కోణం కలవట్లేదు. ప్రెషర్ పెంచితే గ్రాములు తగ్గుతాయన్నది నిటారుగా నిలబడే గట్టి బ్లేడ్‌కే, వంగి పని చేసే బ్లేడ్‌కి ఎక్కువ నొక్కితే కొన ఇంకా పడుకుని గ్రాములు పెరగొచ్చు. మెషీన్ నడుస్తుండగా మాత్రం ఎవరూ చెయ్యి అక్కడ పెట్టొద్దు.

కర్టెన్ కోటర్ (కలర్ పల్చటి తెరలా పైనుంచి పేపర్ మీద పడే మెషీన్) అయితే గీకే పని లేదు, పంపు ఎంత పోస్తే అంతే పడుతుంది, పేపర్ ఎత్తుపల్లాల వెంటే పొర కూడా వెళ్తుంది. కానీ ఒక్క బుడగ చాలు కర్టెన్‌లో చిల్లు పడి పేపర్ మీద ఖాళీ మచ్చ రావడానికి, కలర్‌లో గాలి తీసెయ్యకుండా మొదలుపెట్టొద్దు. పేపర్ తనతో లాక్కొచ్చే గాలి పొరని కూడా కర్టెన్‌కి ముందే సక్షన్‌తో తీసెయ్యాలి.

సమంగా పడ్డది డ్రయ్యర్‌లో చెడిపోవడం కూడా ఉంది. కలర్ ఇంకా గడ్డకట్టే దశలో ఉండగా వేడి మరీ గట్టిగా కొడితే నీళ్ళతో పాటు బైండర్ ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ పైకి వచ్చేస్తుంది, తూకంలో ఏ తేడా ఉండదు, ప్రింట్ చేస్తే మచ్చలు మచ్చలు. మచ్చలకి కారణం డ్రయ్యరా, కోటింగ్ పంపకమా తేలాలంటే ఒక ముక్కని అమ్మోనియం క్లోరైడ్ ద్రావణంలో తడిపి ఆరబెట్టి, పొగ లాగే ఫ్యూమ్ హుడ్ కింద 225 డిగ్రీల దగ్గర కొద్ది నిమిషాలు వేడి చేయండి. పీచు నల్లబడుతుంది, కోటింగ్ తెల్లగానే ఉంటుంది, పల్చగా పడ్డచోటల్లా నలుపు బయటికి కనిపిస్తుంది. ఆ నలుపు ప్రింట్ మచ్చలతో కలిస్తే మళ్ళీ బేస్ పేపర్ దగ్గరికి వెళ్ళండి, కలవకపోతే డ్రయ్యర్ మధ్య సెక్షన్‌లో వేడి తగ్గించి చూడండి.