మిర్చి లోడు దిగకముందే సెన్సర్ వైరు ఒకసారి పీకి చూడండి

సంక్రాంతి దాటాక గుంటూరు మిర్చి యార్డులో టిక్కీల (మిర్చి బస్తాల) రాక ఊపందుకుంటుంది. ధర నచ్చని రైతు, కొని పెట్టుకునే వ్యాపారి ఇద్దరూ సరుకును కోల్డ్ స్టోరేజీకే తోలుతారు. ఏప్రిల్ వచ్చేసరికి చాంబర్లు నిండిపోతాయి. ఆ తర్వాత వెనక గోడ దగ్గర వేలాడే, ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్‌కి ఏదైనా అయితే, వరసలు దింపితే గానీ దాని దగ్గరకు చెయ్యి పోదు. పైగా ముందున్నది రోళ్లు పగిలే రోహిణి కార్తె. కాబట్టి చూడాల్సిందంతా చాంబర్ ఖాళీగా ఉన్నప్పుడే చూసేయండి.

నేను చెప్పేది చిన్న స్టోరేజీల్లో చాంబర్ వేడెక్కితే హెచ్చరించడానికి పెట్టుకునే వ్యవస్థ గురించి. ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ లాంటి బోర్డు ఒకటి, స్టీలు గొట్టంలో ఉండే డీఎస్18బీ20 రకం ఉష్ణోగ్రత సెన్సర్లు నాలుగైదు, ఒక బజరు, ఫోనుకి వచ్చే మెసేజ్. ఇవి బిగించి, చూసుకునే పని నాది. ఈ సెన్సర్ మంచిదే. మైనస్ 10 నుంచి 85 డిగ్రీల మధ్య అర డిగ్రీ అటూ ఇటూగా సరైన లెక్క చెబుతుంది. కానీ దానికి ఏదైనా అయినప్పుడు కూడా ఊరుకోదు, ఏదో ఒక అంకె చూపిస్తూనే ఉంటుంది. ప్రమాదమంతా అక్కడే ఉంది.

రెండేళ్ల కిందట ఒక స్టోరేజీలో సెన్సర్ల లెక్కను బోర్డుకి చేర్చే డేటా వైరును ఎలుక కొరికేసింది. ఆ రోజే కొత్త సరుకు దిగింది. రాత్రి ఫ్యాన్లు ట్రిప్ అయ్యాయి. పొద్దున్నే లోపలికెళ్లి చూస్తే గోడకున్న గాజు థర్మామీటర్ 11 చూపిస్తోంది. బోర్డు తెర మీద మాత్రం మైనస్ 127 ఉంది. "అలారం మోగలేదు కదా బాబూ, అంతా బానే ఉందనుకున్నాం" అన్నాడు ఆపరేటర్ బాబాయ్. ఆయన తప్పేం లేదు. ఉష్ణోగ్రత 8 దాటితే మోగమని ప్రోగ్రాం రాసింది నేను. సెన్సర్ దొరక్కపోతే లైబ్రరీ (సెన్సర్‌ని చదవడానికి వాడే రెడీమేడ్ ప్రోగ్రాం) ఇచ్చే అంకె మైనస్ 127. అది 8 దాటదు కాబట్టి తెల్లవార్లూ బజరు మోగలేదు. సరుక్కి ఏమీ కాలేదు గానీ ఆ వారమంతా నాకు నిద్ర పట్టలేదు.

అందుకని మొదటి జాగ్రత్త ప్రోగ్రాంలోనే తీసుకోవాలి. మైనస్ 127 వస్తే దాన్ని ఉష్ణోగ్రతగా లెక్క కట్టకూడదు. వరసగా మూడుసార్లు వస్తే 'సెన్సర్ పోయింది' అని వేరే రకంగా మోగాలి. 85 కూడా అంతే. కరెంటు రాగానే ఆ సెన్సర్‌లో ముందుగా ఉండే అంకె అది. పూర్తి సూక్ష్మతతో కొలవడానికి దానికి 750 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. ఆ లోపు అడిగితే, లేదా కొలిచే మధ్యలో వోల్టేజి పడిపోతే 85 వచ్చేస్తుంది. కరెంటు పోయి జనరేటర్‌కి మారినప్పుడల్లా ఇలా దొంగ అలారం మోగితే వాచ్‌మన్ విసిగిపోయి బజరు వైరే పీకేస్తాడు. నేను కళ్లారా చూశాను. విసుగు పుట్టించే అలారం ఉన్నా లేనట్టే.

ఇంకో మెలిక ఉంది. చాలామంది ప్రోగ్రాంలో సెన్సర్లను ఒకటి, రెండు, మూడు అని వరస నంబర్లతో పిలుస్తారు. రెండోది చచ్చిపోయాక బోర్డు మళ్లీ వెతికితే మూడోది రెండో స్థానంలోకి వచ్చి కూర్చుంటుంది. తెర మీద తలుపు దగ్గరి లెక్క చూస్తున్నామనుకుంటాం, నిజానికి అది వెనక గోడది. ప్రతి సెన్సర్‌కీ పుట్టుకతోనే 64 బిట్ల సొంత నంబరు ఉంటుంది. ప్రోగ్రాంలో ఆ నంబరుతోనే పిలవండి. అదే నంబరు ఒక చీటీ మీద రాసి, వైరుకి రెండు చివరలా చుట్టి, పైన పారదర్శకమైన టేపు వేయండి.

ఇక వైర్ల సంగతి. డేటా వైరుకీ పాజిటివ్‌కీ మధ్య 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి. అది లేకపోయినా, దాని టంకం ఊడిపోయినా మైనస్ 127 తప్పదు. ఈఎస్‌పీ32 అయితే ఆ రెసిస్టర్‌ని 3.3 వోల్టులకే కలపాలి, 5 వోల్టులకు కలిపితే బోర్డు పిన్ను పోవచ్చు. సెన్సర్లన్నీ ఊడదీసి, కరెంటు తీసి, మల్టీమీటర్‌తో ఆ రెండు వైర్ల మధ్య కొలవండి. 4.7 కిలో ఓమ్‌లకు దగ్గరగా రావాలి. తర్వాత కరెంటు ఇచ్చి డేటాకీ గ్రౌండుకీ మధ్య చూస్తే దాదాపు 3.3 వోల్టులు ఉండాలి. అప్పుడు సెన్సర్లను ఒక్కొక్కటే తగిలించండి. ఏది తగిలించగానే ఆ వోల్టేజి బాగా కిందికి పడిపోతుందో దొంగ అదే. వైరు రంగుల్ని గుడ్డిగా నమ్మొద్దు. ఎరుపు పాజిటివ్, నలుపు గ్రౌండు, పసుపు డేటా అని అందరూ అంటారు, కానీ వేరే రంగులతో వచ్చే సరుకూ ఉంది. తిరగేసి కలిపితే సెన్సర్ వేలు పెట్టలేనంత వేడెక్కుతుంది. వెంటనే తీసేయండి. అలా కాలినదాన్ని, మళ్లీ పనిచేసినా సరే, చాంబర్‌లో పెట్టకండి.

చాంబర్‌లో అన్నిటికన్నా పెద్ద శత్రువు చెమ్మ. లోపల చలి, బయట ఉక్కపోత, గోడ దాటే చోట వైరు మీద నీరు పడుతుంది. పోయినేడు ఒక అతుకు మీద నల్ల టేపు విప్పి చూశాను. లోపల రాగి తీగలు పచ్చగా చిలుము పట్టి, వేలితో తాకితే పొడిలా రాలాయి. ఆ సెన్సర్ పగలు బాగానే చూపించి, రాత్రి చల్లబడ్డాక పిచ్చి లెక్కలు చూపించేది. అతుకు వేస్తే టంకం పెట్టి, లోపల జిగురుండే హీట్ ష్రింక్ గొట్టం (వేడి తగిలితే ముడుచుకుని పట్టేసేది) తొడగాలి. వట్టి టేపు ఒక్క సీజను కూడా ఆగదు. వైరు బోర్డు పెట్టెలోకి పైనుంచి దిగకూడదు. కిందకి వంపు తిప్పి, కింది నుంచి పైకి ఎక్కించండి. నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

కంప్రెసర్ మోటారు కేబుల్ పక్కన సెన్సర్ వైరు లాగొద్దు. కాంటాక్టర్ (మోటారుని ఆన్, ఆఫ్ చేసే పెద్ద స్విచ్) పడినప్పుడల్లా లెక్క ఎగిరిపడుతుంటే కారణం అదే అయి ఉంటుంది. ఒక బోర్డు నుంచి నాలుగు దిక్కులకూ నాలుగు పొడవాటి వైర్లు పోయేలా కాకుండా, ఒకే వైరు చాంబర్ చుట్టూ తిరిగి దాని మీదే సెన్సర్లు వరసగా ఉండేలా చూడండి. దూరం ఎక్కువైతే రెసిస్టర్ 3.3 లేదా 2.2 కిలో ఓమ్‌లకు తగ్గించి చూడొచ్చు. మూడు ఫేజుల ప్యానెల్ లోపల మాత్రం మీరు చెయ్యి పెట్టకండి, అది ఎలక్ట్రీషియన్ పని.

సెన్సర్ నిజం చెబుతోందా అన్నది తేల్చడానికి ఒక స్టీలు గ్లాసు చాలు. ఐసు బాగా నలగ్గొట్టి గ్లాసు నిండా వేసి, సందులు నిండేంత వరకే మంచినీళ్లు పోయండి. గొట్టాన్ని గ్లాసు అడుగుకి, గోడకి తగలకుండా మధ్యలో ముంచి, కలుపుతూ పది నిమిషాలు ఆగండి. సున్నాకి అర డిగ్రీ లోపల ఉంటే మంచిది. ఒకటిన్నర, రెండు చూపించేదాన్ని ప్రోగ్రాంలో సర్దుకుందామనుకోకండి, పక్కన పడేయండి. బజారులో నకిలీ చిప్పులు చాలా ఉన్నాయి. ఐసులో ఒక తేడా చూపించినది వేడిలోనూ అంతే తేడా చూపిస్తుందన్న నమ్మకం లేదు.

పరీక్షలో నెగ్గినవాటిని ఫ్యాన్ గాలి సూటిగా కొట్టే చోట, తలుపు ఎదురుగా పెట్టకండి. ఒక్కదాన్నైనా టిక్కీల మధ్యలో ఇరికించండి. గాలి చల్లబడినంత త్వరగా సరుకు చల్లబడదు. గాజు థర్మామీటర్‌నీ, ఆపరేటర్ రాసుకునే పుస్తకాన్నీ తీసేయమని ఎవరన్నా చెబితే ఒప్పుకోవద్దు. ఫోనులో లెక్క పక్కన టైము కూడా కనబడాలి. వైఫై పోతే గంట కిందటి 6 డిగ్రీలే అలా నిలబడి ఉంటుంది.

అంతా బిగించాక, మొదటి లారీ రాకముందు, రాత్రి డ్యూటీ వాచ్‌మన్‌ని పక్కన నిలబెట్టుకుని ఒక సెన్సర్ వైరు పీకండి. బజరు ఎన్ని నిమిషాలకు మోగిందో గడియారం చూసి గోడ మీద రాయండి. తర్వాత వైరు మళ్లీ పెట్టి, సెన్సర్ గొట్టాన్ని గుప్పిట్లో పట్టుకుని 8 దాటించండి. ఆ రెండు మోతలకీ తేడా ఆయన చెవికి తెలిశాక, ఏది మోగితే ఎవరికి ఫోన్ చేయాలో పెద్ద అక్షరాలతో రాసి బోర్డు పెట్టె మూత మీద అంటించండి. పరీక్షించిన సెన్సర్లు రెండు స్పేరుగా అదే పెట్టెలో పెట్టి మూత బిగించండి.