చిల్లుకాణీ చేతిలో పెడితే మాటలొచ్చాయి

నేను వారం వారం వెళ్లే వృద్ధాశ్రమంలో సాయంత్రాలు టీవీ మోతే తప్ప మాటలుండేవి కావు. "చిన్నప్పటి సంగతులు చెప్పండి" అంటే "ఏముందమ్మా చెప్పడానికి" అనేవారు. పాత నాణేల డబ్బా తీసుకెళ్లాక అది మారింది.

ప్రశ్నలేవీ వేయకుండా 1944 నాటి చిల్లుకాణీ ఒక మామ్మగారి అరచేతిలో పెట్టాను. చిల్లు అంచు తడుముతూ, దాన్ని తమ్ముడి మొలతాడుకు కట్టిన సంగతి ఎత్తుకున్నారు. పక్కనున్న తాతగారికి 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చిన రోజులు గుర్తొచ్చాయి. రూపాయికి పాత లెక్కలో పదహారు అణాలు, కొత్త లెక్కలో వంద నయాపైసలు; అంటే అణాకు ఆరుంపావు నయాపైసలు కదా, ఆ పావు ఎవరికి పోవాలని కొట్టు దగ్గర రోజూ తగవేనట! హైదరాబాద్ పెద్దాయన చార్మినార్ బొమ్మున్న నిజాం కాలపు నాణెం హాలీ సిక్కాను ఎంతసేపటికీ వదల్లేదు.

"ఇది ఏ సంవత్సరానిది?" అని అడగకండి. మతిమరుపు ఉన్నవాళ్లకు అది పరీక్షలా అనిపిస్తుంది. "దీనికి ఏమొచ్చేది?" అంటే చాలు. చూపు తగ్గినవాళ్లకు పలకల అయిదు పైసలు, అలల అంచు పది పైసలు ఇవ్వండి, వేళ్లతోనే పోల్చుకుంటారు. కొందరు నోట్లో పెట్టుకునే ప్రమాదముంది కాబట్టి పక్కనే ఉండి, చివర్లో నాణేలు లెక్కపెట్టుకుని, అందరి చేతులూ కడిగించండి.